గొంతుకు తీపి, ఒంటికి లోటు: అతిమధురం వేరు, పొటాషియం

"మూలికలే కదా సిస్టర్, వాడితే మంచిదేగాని చెడు ఏముంటుంది?" అనే మాట ఓ.పి. వరండాలో మేము వారానికి నాలుగైదుసార్లు వింటాము. ఈ మాటకు ఒక్క ముక్కలో అవునని గానీ కాదని గానీ జవాబు లేదు. కొన్ని మూలికలు మన ఒంట్లో ఉండవలసిన లవణాలను, పోషకాలను పెంచుతాయి, తగ్గిస్తాయి. అది ఎలా జరుగుతుందో తెలిపేందుకు, అందరి ఇళ్లలోనూ ఉండే అతిమధురం గురించి ఈసారి రాస్తున్నాము. దీన్ని ఎంచుకోవటానికి మా వార్డులో జరిగిన సంగతి ఒకటి కారణం. అందులో మా పొరపాటు కూడా ఉంది.

వార్డులో జరిగినది

2023 వర్షాకాలంలో ఒక పెద్దాయన్ని ఇద్దరు కొడుకులు రెక్కలు పట్టుకొని నడిపించుకు వచ్చారు. వయసు 64. ఊళ్లో పౌరాణిక నాటకాలలో పద్యాలు పాడే మనిషి. పది రోజులుగా కాళ్లలో సత్తువ లేదని, కింద కూర్చుంటే లేవలేకపోతున్నానని, రాత్రిపూట పిక్కలు పట్టేస్తున్నాయని చెప్పారు. బి.పి. 170/100 ఉంది. అంతకు ముందు రెండేళ్లుగా బి.పి.కి ఒక మాత్ర వాడుతున్నారు. అది మన వాళ్లు 'నీళ్ల బిళ్ల' అనే హైడ్రోక్లోరోథయజైడ్. మూత్రం ఎక్కువగా పోయించి బి.పి. తగ్గిస్తుంది.

రక్తపరీక్షలో పొటాషియం 2.6 వచ్చింది. ఉండవలసినది 3.5 నుంచి 5 మధ్య. నీళ్ల బిళ్ల వాడేవారిలో పొటాషియం తగ్గటం మామూలే కనుక అదే కారణమని అందరం అనుకున్నాము. డాక్టరు గారు ఆ మాత్ర ఆపి, బి.పి.కి వేరే మాత్ర రాశారు. సెలైన్‌లో కలిపి పొటాషియం ఎక్కించాము, నోటితో సిరప్ ఇచ్చాము. అయిదో రోజుకు 3.6 వచ్చింది. ఆయన తన కాళ్ల మీద తానే నడిచి ఇంటికి వెళ్లారు. మేము సంతోషించాము.

అయిదు వారాలు తిరగకుండా మళ్లీ వచ్చారు. ఈసారి గుండె దడ కూడా ఉంది. పొటాషియం 2.3. బి.పి. మళ్లీ 170 దాటింది. ఇ.సి.జి. తీస్తే టి తరంగం చదునుగా ఉండి, దాని వెనుక యు తరంగం కనిపించింది. పొటాషియం బాగా పడిపోయినప్పుడు అలా ఉంటుంది. నీళ్ల బిళ్ల ఆపేసి అయిదు వారాలైంది. వాంతులు లేవు, విరేచనాలు లేవు. మరి పొటాషియం ఎక్కడికి పోతున్నది?

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని మొదటిసారి అడిగాము, రెండోసారీ అడిగాము. రెండుసార్లూ "లేదండీ" అనే చెప్పారు. ఆయన అబద్ధం చెప్పలేదు.

మూడో రోజు మధ్యాహ్నం రెండో సంవత్సరం నర్సింగ్ విద్యార్థిని ఒకామె నాడి చూడటానికి వెళ్లినప్పుడు ఆయన దవడన ఏదో పెట్టుకొని నములుతున్నారు. వక్క అనుకొని, "తాతగారూ, నోట్లో ఏముందండీ?" అని అడిగింది. ఆయన భార్య పక్కనే ఉండి, "అది అతిమధురం పుల్ల అమ్మా. గొంతు కోసం. మందేం కాదులే" అన్నారు. దిండు కింద నుంచి కాగితం పొట్లం తీసి చూపించారు. ఆ అమ్మాయి ఆ పొట్లం తెచ్చి మా చేతిలో పెట్టింది.

తర్వాత కూర్చొని నిదానంగా అడిగితే సంగతంతా బయటికి వచ్చింది. నాలుగు నెలల క్రితం జలుబు చేసి గొంతు బొంగురుపోతే, ఎవరో చెప్పారని మూలికల కొట్టులో అతిమధురం పొడి కొన్నారు. పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా గోరువెచ్చని నీళ్లలో తాగుతున్నారు. గొంతు బాగుపడింది. బాగుపడింది కదా అని ఆపలేదు. పైగా పగలు నమలటానికి జేబులో పుల్ల. మొదటిసారి ఆసుపత్రిలో ఉన్న అయిదు రోజులూ పుల్ల నములుతూనే ఉన్నారట. ఒక పక్క మేము ఎక్కిస్తున్నాము, మరో పక్క అది పోతున్నది.

ఒక వేరు ఇంత పని ఎలా చేస్తుంది?

అతిమధురానికి సంస్కృతంలో యష్టిమధువు అని పేరు. యష్టి అంటే కర్ర, మధువు అంటే తేనె. హిందీలో ములేఠీ అంటారు. ఆ తీపికి కారణం అందులోని గ్లిసిరైజిన్ అనే పదార్థం. పంచదార కంటే సుమారు 50 రెట్లు తీపి. ఇది కడుపులోకి వెళ్లాక పేగులలోని సూక్ష్మజీవుల వల్ల గ్లిసిరెటినిక్ ఆమ్లంగా మారి రక్తంలో కలుస్తుంది. అసలు పని చేసేది ఈ ఆమ్లమే.

మన మూత్రపిండాల మీద, అంటే కిడ్నీల మీద ఉండే ఒక గ్రంథి ఆల్డోస్టిరోన్ అనే హార్మోనును తయారు చేస్తుంది. ఉప్పును ఒంట్లో నిలబెట్టి, పొటాషియంను మూత్రంలోకి పంపమని అది కిడ్నీలకు చెబుతుంది. అదే గ్రంథి కార్టిసాల్ అనే మరో హార్మోనును కూడా తయారు చేస్తుంది. కార్టిసాల్ రక్తంలో ఆల్డోస్టిరోన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. చిక్కేమిటంటే, కిడ్నీలో ఆల్డోస్టిరోన్ వెళ్లి కూర్చునే చోట కార్టిసాల్ కూడా కూర్చోగలదు, అదే పని చేయగలదు. అలా జరగకుండా కిడ్నీలో ఒక ఎంజైము ఉంది. వచ్చిన కార్టిసాల్‌ను వచ్చినట్టే కార్టిసోన్‌గా మార్చి పని చేయకుండా చేస్తుంది.

అతిమధురంలోని ఆమ్లం ఈ ఎంజైమును అడ్డుకుంటుంది. అప్పుడు కార్టిసాల్ అంతా వెళ్లి ఆల్డోస్టిరోన్ చోట కూర్చొని దాని పని మొదలు పెడుతుంది. ఫలితంగా ఒంట్లో ఉప్పు, నీరు నిలబడిపోతాయి. బి.పి. పెరుగుతుంది, కాళ్లు, ముఖం ఉబ్బుతాయి. పొటాషియం మూత్రంలో పోతుంది. రక్తంలో ఆల్డోస్టిరోన్‌ను కొలిస్తే మాత్రం ఎక్కువ ఉండదు, తక్కువే ఉంటుంది. ఆల్డోస్టిరోన్ లేకుండానే ఆల్డోస్టిరోన్ జబ్బు లక్షణాలన్నీ కనిపిస్తాయన్న మాట. అమెరికాలో జెరోమ్ కాన్ అనే వైద్యుడు, తోటి వైద్యులతో కలిసి, 1968లో ఈ సంగతిని వివరించారు. అంతకు ముందే 1946లో నెదర్లాండ్స్‌లో రేవర్స్ అనే వైద్యుడు కడుపులో పుండుకు అతిమధురం సారం ఇస్తూ, పుండు తగ్గుతున్నా కొందరికి ఒళ్లు వాపు, బి.పి. వస్తున్నాయని గమనించారు. కనుక ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. మాకు గుర్తు రాకపోవటమే విచారం.

పొటాషియం ఎందుకంత ముఖ్యం?

ఒంట్లోని పొటాషియంలో నూటికి 98 పాళ్లు కణాల లోపల ఉంటుంది. రక్తంలో తిరిగేది చాలా కొద్ది. కానీ ఆ కొద్దిలో తేడా వస్తే కండరాలూ, నరాలూ, గుండే సరిగా పని చేయవు. పొటాషియం తగ్గినవారికి మొదట వచ్చేది నీరసం. కాళ్లు బరువెక్కటం, మెట్లు ఎక్కలేకపోవటం, పిక్కలు పట్టటం, మలబద్ధకం, మాటిమాటికీ మూత్రానికి లేవటం కూడా ఉంటాయి. వీటిలో ఏది వచ్చినా మన వాళ్లు "వయసు మీద పడింది" అనో "షుగరేమో" అనో అనుకుంటారు. బాగా పడిపోతే గుండె కొట్టుకోవటంలో లయ తప్పుతుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

2020 సెప్టెంబరులో అమెరికాకు చెందిన ఒక ప్రముఖ వైద్యపత్రికలో మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన ఒకాయన సంగతి ప్రచురించారు. వయసు 54. అతిమధురం సారంతో చేసిన నల్ల మిఠాయిని కొన్ని వారాలపాటు రోజుకు పొట్లమో, పొట్లంన్నరో తిన్నారు. ఒక రోజు హోటల్లో కూర్చున్నవారు కూర్చున్నట్టే పడిపోయారు. పొటాషియం బాగా పడిపోయి ఉంది. మరునాడు చనిపోయారు. మిఠాయి తిని మనిషి చనిపోతాడా అని చాలామంది ఆశ్చర్యపోయారు. పొటాషియం వెయ్యటం చేతులతో చేసిన నర్సులెవరూ అంతగా ఆశ్చర్యపోరు.

ఎంత తింటే ఎక్కువ?

పెద్దలకు రోజుకు 100 మిల్లీగ్రాముల గ్లిసిరైజిన్ దాటకూడదని ఐరోపా నిపుణుల సంఘం చెప్పిన హద్దు. వేరులో గ్లిసిరైజిన్ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. నూటికి 2 నుంచి 15 పాళ్ల దాకా ఉండవచ్చు. మధ్యరకంగా నూటికి 4 పాళ్లు అనుకుందాము. చెంచా పొడి సుమారు 3 గ్రాములు. అంటే ఒక్క చెంచాలోనే 120 మిల్లీగ్రాములు. మా పెద్దాయన రోజుకు రెండు చెంచాలు, అంటే 240 మిల్లీగ్రాములు. పుల్ల లెక్క వేరే.

అయితే ఒక చెంచా తాగిన ప్రతివారికీ మర్నాడే ఇలా అవుతుందని భయపడవద్దు. జలుబు చేసినప్పుడు రెండు మూడు రోజులు కషాయంలో చిన్న ముక్క వేసుకున్నవారికి సాధారణంగా ఏమీ కాదు. చిక్కంతా రోజుల తరబడి, నెలల తరబడి వాడినప్పుడే. 40 ఏళ్లు దాటినవారు రెండు వారాలు రోజూ 2 ఔన్సుల, అంటే సుమారు 57 గ్రాముల నల్ల అతిమధురం మిఠాయి తింటే గుండె లయ తప్పి ఆసుపత్రి పాలు కావచ్చని అమెరికా ఆహార ఔషధ శాఖ హెచ్చరించింది. వయసు, బి.పి., వాడే మాత్రలు వీటిని బట్టి కొందరికి తక్కువకే తేడా చేస్తుంది.

ఆయుర్వేదాన్ని తప్పు పట్టటానికి ఇది రాయటం లేదు. ఆయుర్వేద గ్రంథాలలో యష్టిమధువుకు చాలా గౌరవమైన స్థానం ఉంది. వైద్యుడు నాడి చూసి, ఇంత మోతాదు, ఇన్ని రోజులు, ఫలానా అనుపానంతో అని చెప్పి ఇచ్చినది వేరు. పక్కింటివారు చెప్పారని పావుకిలో కొని, అయిపోగానే మళ్లీ కొని తాగటం వేరు. కరోనా వచ్చిన 2020, 2021 సంవత్సరాలలో ఇంటింటా కషాయాలు కాచారు. అప్పుడు పట్టుకున్న అలవాటు కొందరిని ఇంకా విడవలేదు. మా ఓ.పి.లో అడిగితే "అప్పటినుంచీ తాగుతూనే ఉన్నామండీ" అనేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఎవరు ముట్టకూడదు?

బి.పి. ఉన్నవారు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు అతిమధురాన్ని రోజూ వాడకూడదు. నీళ్ల బిళ్లలు వాడేవారు, అంటే ఫ్రూసిమైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ వంటివి వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. మాత్ర ఒక దారిన, మూలిక మరో దారిన పొటాషియంను బయటికి పంపుతాయి. గుండె బలహీనతకు డిగాక్సిన్ వాడేవారికి పొటాషియం కాస్త తగ్గినా ఆ మాత్రే విషమవుతుంది. ఆయాసానికి, కీళ్లవాతానికి ప్రెడ్నిసలోన్ మాత్రలు నెలల తరబడి వాడేవారూ ఈ జాబితాలోకే వస్తారు. గర్భిణీ స్త్రీలు అసలు వాడకపోవటమే మంచిది. ఫిన్లాండ్ దేశంలో అతిమధురం మిఠాయిలు బాగా తింటారు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2016లో గర్భిణులు వీటిని ఎక్కువగా తినవద్దని చెప్పింది.

మరో మాట. అతిమధురం ఒక్క పొట్లంలోనే ఉండదు. దగ్గు మందులలో, గొంతు బిళ్లలలో, పళ్లపొడులలో, కొన్ని మూలికల టీ పొడులలో కూడా కలుస్తుంది. సీసా మీద యష్టిమధు అనో, ములేఠీ అనో, గ్లిసిరైజా గ్లాబ్రా అనో రాసి ఉంటే అది ఇదే. అన్నీ కలిపి లెక్క వేసుకోవాలి.

సునాముఖి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మలబద్ధకానికి సునాముఖి ఆకు పొడి రాత్రిపూట వేసుకునే అలవాటు మన పెద్దవారిలో ఎక్కువ. నెలల తరబడి వాడితే విరేచనం ద్వారా పొటాషియం పోతుంది. పొటాషియం తగ్గితే పేగుల కదలిక మందగించి మలబద్ధకం పెరుగుతుంది. అప్పుడు పొడి మరికాస్త పెంచుతారు. అతిమధురం, సునాముఖి రెండూ కలిసిన చూర్ణాలు కూడా అమ్ముతారు కనుక కొనేటప్పుడు చదువుకోండి. ఇక రక్తహీనతకు ఐరన్ మాత్ర వేసుకొని వెంటనే టీ గానీ గ్రీన్ టీ గానీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. కనీసం గంట, వీలైతే రెండు గంటలు ఎడం ఇవ్వండి. ఇది మేము గర్భిణీ స్త్రీలకు ప్రతి బుధవారం చెప్పేదే.

పొటాషియం లోటు తీర్చటం

"కొబ్బరినీళ్లు తాగితే సరిపోదా?" అని ఆ పెద్దాయన కొడుకు అడిగాడు. మంచి ప్రశ్నే. కొబ్బరినీళ్లలో, అరటిపండ్లలో, బత్తాయిలో, బంగాళాదుంపలో, పప్పులలో, ఆకుకూరలలో పొటాషియం ఉంది. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 400 మిల్లీగ్రాములు ఉంటుంది. మేము ఇచ్చే పొటాషియం క్లోరైడ్ సిరప్ 15 మిల్లీలీటర్లలో ఉన్నది రెండు అరటిపండ్లకు కాస్త దగ్గరగా వస్తుంది. కొద్దిగా తగ్గినప్పుడు ఆహారం ఉపయోగపడుతుంది. కానీ 2.3కు పడిపోయినప్పుడు, అదీ గుండె దడతో వచ్చినప్పుడు, అరటిపండ్లు పెట్టి కూర్చోవటం కుదరదు.

సిరప్ రుచి ఎవరికీ నచ్చదు. సగం గ్లాసు నీళ్లలో కలిపి, అన్నం తిన్న తర్వాత, మెల్లగా తాగాలి. నీళ్లు కలపకుండా తాగితే కడుపులో మంట, వాంతి వస్తాయి. పక్కకు ఒంపేసి "తాగేశాను సిస్టర్" అనేవారిని మేము ముప్పై ఏళ్లుగా చూస్తున్నాము. కనుక తాగేవరకు పక్కనే నిలబడతాము.

సూది ద్వారా పొటాషియంను ఎప్పుడూ నేరుగా నరంలోకి ఇవ్వరు. సెలైన్‌లో బాగా కలిపి, గంటకు ఇంత అని లెక్క కట్టి, చుక్క చుక్కగా ఎక్కించాలి. తొందరపడితే గుండె ఆగిపోతుంది. చేయి మండుతున్నదని రోగి అంటే చుక్కల వేగం చూడాలి. వెంట ఉన్నవారికి మా మనవి ఒకటే: త్వరగా అయిపోవాలని సెలైన్ చక్రం మీరు తిప్పవద్దు. ఇది ఎన్నిసార్లు చెప్పినా చాలదు.

ఇంట్లో ఎవరికివారు పొటాషియం మొదలుపెట్టటం కూడా ప్రమాదమే. కిడ్నీ జబ్బు ఉన్నవారికి, ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, స్పైరనోలాక్టోన్ వంటి మాత్రలు వాడేవారికి పొటాషియం పెరిగిపోయే అవకాశం ఉంది. పెరిగినా తగ్గినంత ప్రమాదమే. సోడియం తక్కువని అమ్మే ఉప్పులలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. వీరు ఆ ఉప్పు కూడా డాక్టరును అడగకుండా వాడకూడదు.

ఇంతకూ ఆయన సంగతి

పుల్ల, పొడి రెండూ ఆపించాము. ఆపిన వెంటనే ఒళ్లు బాగుపడదు. ఆ ఆమ్లం ఒంట్లోంచి పోయి, కిడ్నీలోని ఎంజైము మళ్లీ దారిన పడటానికి రెండు మూడు వారాలు, ఒక్కొక్కరికి అంతకంటే ఎక్కువే పడుతుంది. అందుకని రెండు వారాలు సిరప్ ఇచ్చి, ప్రతి నాలుగు రోజులకు రక్తం తీసి చూశాము. మూడో వారానికి సిరప్ లేకుండానే 4.1 వచ్చింది. బి.పి. ఒక్క మాత్రతో 140/84కు దిగింది. అంతకు ముందు రెండు మాత్రలకు కూడా లొంగనిది.

ఆయనకు కోపం వచ్చింది. "నాలుగు నెలలుగా వాడుతున్నది గొంతుకు మేలు చేసిందమ్మా, దాన్ని తప్పంటారేం?" అన్నారు. నిజమే, గొంతుకు మేలు చేసింది. ఆ మాట మేము కాదనలేదు. నాడి చూసిన అమ్మాయే కాగితం మీద కిడ్నీ బొమ్మ గీసి, ఉప్పు ఇటు, పొటాషియం అటు అని బాణాలు వేసి చూపించింది. అరగంట పట్టింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

తర్వాతి నెల వార్డు సిస్టర్లందరం కూర్చొని అడ్మిషన్ షీటు తిరగరాసుకున్నాము. "ఇతర మందులు ఏవైనా?" అన్న వరుస అలాగే ఉంచి, దాని కింద మరో వరుస చేర్చాము: "పొడి, కషాయం, పసరు, లేహ్యం, చూర్ణం, పుల్ల, టీ, తాయెత్తుతో పాటు ఇచ్చినవి, టీవీ చూసి తెప్పించినవి." ఒక్కొక్క పేరూ పైకి చదివి అడగాలని నియమం పెట్టుకున్నాము. 'మందు' అని అడిగితే లేదనేవారు 'పొడి' అని అడిగితే ఉందంటున్నారు. మొదటి వారంలోనే సునాముఖి వాడేవారు ముగ్గురు తేలారు.

మీరు ఓ.పి.కి వచ్చేటప్పుడు ఇంట్లో వాడే పొట్లాలు, సీసాలు, డబ్బాలు అన్నీ ఒక సంచిలో వేసుకురండి. పేరు లేని పొట్లమైనా సరే. డాక్టరు గారు కోప్పడతారని ఇంట్లో వదిలి రావద్దు. బి.పి. మాత్రలు వాడుతూ కాళ్లలో నీరసం ఉన్నవారు సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష గురించి డాక్టరును అడగండి. రక్తం తీసేటప్పుడు పిడికిలి బిగించి తెరిచి చేయవద్దు. అలా చేస్తే పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

పెద్దాయన ఇప్పటికీ మూడు నెలలకొకసారి వస్తారు. వచ్చినప్పుడల్లా ఆ అమ్మాయి డ్యూటీలో ఉందా అని అడుగుతారు. ఆమె చదువు ముగించుకొని ఇప్పుడు మా దగ్గరే స్టాఫ్ నర్సుగా ఉంది. గొంతుకు ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నారట. పోయిన సంక్రాంతికి ఊళ్లో నాటకం ఆడారు. పద్యం మునుపటిలా పైకి వెళ్లలేదని ఆయనే చెప్పారు.